కుక్కరు లేకుండా అలాస్కా

కాకినాడలో పుట్టి పెరిగిన నాకు ఓడలంటే చీకట్లో దూరంగా మినుకుమనే దీపాలే. నా చిన్నప్పుడు పెద్ద ఓడలు మా ఒడ్డుకి వచ్చేవి కావు. సముద్రంలోనే లంగరేసి నిలబడితే బార్జీలు వెళ్ళి సరుకు దించుకొచ్చేవి. సాయంత్రాలు బీచికి వెళ్ళి ఆ దీపాలు లెక్కపెట్టడం మాకొక ఆట. అరవై మూడేళ్ళొచ్చినా వాటిలో ఒక్కదాని గడపా తొక్కలేదు. నీళ్ళ మీద నా అనుభవమంతా పాపికొండల లాంచీ, అందులో ఇచ్చే పులిహోర పొట్లం.

అందుకే సియాటిల్‌లో ఉండే మా అమ్మాయి "ఈసారి మీరొచ్చినప్పుడు ఏడు రోజులు అలాస్కా క్రూయిజ్‌కి వెళ్దామమ్మా" అన్నప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న, "అన్నం పెడతారా?" మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత?" ఇద్దరం అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం అడగలేదు. "మాకేం కాగితాలు కావాలి?" అన్నది అది.

ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేశాను. చిన్నక్షరాలు కనపడితే చదవకుండా ఉండలేను. క్రూయిజ్ కంపెనీ షరతుల కాగితం ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పదకొండో పేజీలో దొరికింది ఆ ముల్లు. చివరి సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది.

సియాటిల్ అమెరికాదే, అలాస్కా అమెరికాదే. మధ్యలో కెనడా ఎందుకు? 1886 నాటి ఒక అమెరికా చట్టం వల్ల. పరాయి దేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునీ తాకకుండా అమెరికాలోనే తిప్పి దించకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ బహామాస్‌లోనో, పనామాలోనో, బెర్ముడాలోనో ఉంటుంది. కాబట్టి ఆ విక్టోరియా ఆగుడు మన సరదా కోసం కాదు, చట్టం కోసం. కోవిడ్ రోజుల్లో కెనడా రేవులు మూసేస్తే, 2021లో అమెరికా వాళ్ళు ప్రత్యేకంగా ఇంకో చట్టం చేసి తాత్కాలికంగా సడలింపు ఇస్తేనే అలాస్కా ఓడలు కదిలాయి.

మా అమ్మాయికీ అల్లుడికీ గ్రీన్‌కార్డులు, మనవడు అక్కడే పుట్టాడు. వాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు. మన పాస్‌పోర్టుతో, విజిటర్ వీసా మీద వెళ్ళిన అమ్మానాన్నలకి కావాలి. "మేం అక్కడ దిగంలే, ఓడలోనే కూర్చుంటాం" అంటే కుదరదు. సియాటిల్ రేవులోనే ఆపేస్తారు. మా వరసలో మాకు ముందు నిలబడ్డ ఒక పెద్ద జంటని సరిగ్గా ఇందుకే పక్కకి పిలిచారు. వాళ్ళు మళ్ళీ మాకు ఓడలో కనపడలేదు. డబ్బు మొత్తం కట్టేశాక తెలుసుకునే విషయం కాదిది. దరఖాస్తుకి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. మేం మూడు నెలల ముందే పెట్టుకున్నాం. మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. విక్టోరియా నుంచి తిరిగి రావడమంటే అమెరికాలోకి మళ్ళీ ప్రవేశించడమే.

ఇక డబ్బు. ప్రకటనలో కనపడే ధర, గదిలో ఇద్దరుంటారన్న లెక్కన మనిషికి. ఒక్కరే వెళ్తే చాలా కంపెనీల్లో దాదాపు ఇద్దరి ధరా కట్టాల్సిందే. అదే గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ మాత్రం బాగా తగ్గుతుంది. దీని మీద పన్నులు, రేవు రుసుములు. ఆ పైన టిప్పులు. ఈ టిప్పు మన హోటల్లో బల్ల మీద వదిలేసే పది రూపాయల నోటు లాంటిది కాదు. మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు గది ఖాతాలో వాళ్ళే రాసేస్తారు, చాలా కంపెనీల్లో పసిపిల్లలకైనా సరే. అయిదుగురం, ఏడు రాత్రులు. గుణించి చూసి మా ఆయన కాసేపు మాట్లాడలేదు. గది తుడిచే మనిషీ, వడ్డించే మనిషీ ఆ డబ్బు మీదే బతుకుతారని తెలిశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బుక్ చేసే రోజే ఆ అంకె కలిపి చూసుకుంటే గుండె దడ ఉండదు.

అలాస్కా ఓడలు ఏప్రిల్‌లో మొదలై అక్టోబరులో ఆగిపోతాయి. జూన్, జులై, ఆగస్టు పిల్లల సెలవులు, ధర ఆకాశంలో ఉంటుంది. మే నెల చవక, పైగా ఆ తీరంలో వానలు కాస్త తక్కువగా పడేది అప్పుడే. మనవడు ఇంకా బడికి వెళ్ళడం లేదు కనక మేం మే రెండో వారం తీసుకున్నాం. కొండల మీద మంచు ఇంకా కరగలేదు, చూడ్డానికి అదే బాగుంది. నేను స్వెటరు మీద స్వెటరేసుకుని, మా ఆయన కాకినాడ మెయిన్ రోడ్డులో కొన్న మంకీ క్యాప్ పెట్టుకుని తిరిగాం.

జనవరి నుంచి మార్చి దాకా కంపెనీలన్నీ ఆఫర్లు గుప్పిస్తాయి. మొదట అడ్వాన్సు మాత్రం కడతాం, మిగతాది సుమారు 90 రోజుల ముందు కట్టాలి. ఈ రెండు తేదీల మధ్య వారానికోసారి ధర చూస్తుండండి. తగ్గితే ఫోన్ చేసి అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు. మొత్తం కట్టేశాక అడిగితే నవ్వుతారు. మాకు అలా 140 డాలర్లు మిగిలాయి. పెద్ద మొత్తమేం కాదు, కానీ బ్యాంకు ప్రాణం కదా, తృప్తి.

గది విషయంలో మాత్రం నేను మోసపోయాను. ఎవరో మోసం చేశారని కాదు, నా అతి తెలివే చేసింది. గదులు స్థూలంగా మూడు రకాలు. లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది. వీటిలో 'గ్యారంటీ' అని ఒక చవక టికెట్టు ఉంటుంది. గది రకం మనం చెప్తాం, ఏ గదన్నది వాళ్ళ ఇష్టం. గ్యారంటీ అంటే బ్యాంకులో నాకు తెలిసిన అర్థం వేరు. ఇక్కడ దేనికీ గ్యారంటీ లేదు. మాకిచ్చిన గది సరిగ్గా ఈతకొలను కింద. తెల్లారి అయిదింటికి నెత్తి మీద కుర్చీలు బరబరా ఈడ్చే చప్పుడు. ఓడ పటం ముందే ఇంటర్నెట్‌లో ఉంటుంది. పైనా కిందా కూడా మనుషులు పడుకునే గదులే ఉన్న గదిని చూసి ఎంచుకోండి. పైన భోజనశాల, కింద నాటకశాల ఉన్నవి వద్దు. కిటికీ గది తీసుకుంటే ఎదురుగా లైఫ్‌బోటు అడ్డం ఉందేమో చూడండి. ఆ సంగతి కూడా చిన్నక్షరాల్లోనే రాస్తారు.

మాది లోపలి గది. చవకే కానీ అందులో పగలూ రాత్రీ ఒకటే. రెండో రోజు మా ఆయన అర్ధరాత్రి రెండింటికి లేచి స్నానం చేసి, కాఫీకి బయల్దేరారు. మర్నాడు గది శుభ్రం చేసే అతను ఒక ఉపాయం చెప్పాడు. టీవీలో ఒక చానల్‌లో ఓడ ముందున్న కెమెరా చూసే దృశ్యం ఇరవై నాలుగ్గంటలూ వస్తుంది. దాని శబ్దం తగ్గించి వదిలేస్తే, అదే కిటికీ. ఆ రోజు నుంచి మాకు తెల్లారడం తెలిసింది.

ఇంకోమాట, ఒంటికి సంబంధించింది. వాంకూవర్ నుంచి బయల్దేరే ఓడలు దీవుల చాటున ప్రశాంతమైన నీళ్ళలో పోతాయి. సియాటిల్ నుంచి వెళ్ళేవి సాధారణంగా వాంకూవర్ దీవికి పడమటి పక్కన, పసిఫిక్ నడినీళ్ళలో వెళ్తాయి. మొదటి రాత్రి మా గదిలో హ్యాంగర్లు వాటంతటవే ఊగాయి. చెవి లోపలి భాగం 'కదులుతున్నాం' అంటుంది, కన్నేమో 'గోడ కదలడం లేదు' అంటుంది. ఆ తగువులోంచే కడుపులో తిప్పడం. తూగుడు బల్ల మధ్యలో కూర్చున్నవాడికంటే కొసన కూర్చున్నవాడికి ఊపు ఎక్కువ కదా, ఓడా అంతే. మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గదికి కుదుపు తక్కువ. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. మీ డాక్టరుని అడిగి ఇంటి నుంచే తెచ్చుకోండి. ఓడలో వైద్యుడున్నాడు కానీ ఆయన బిల్లు చూస్తే వాంతి ఆగకపోగా కొత్తది వస్తుంది. అందుకే ప్రయాణ బీమా తప్పదు. అందులో ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా కలిసి ఉందో లేదో చదవండి. నాకైతే అల్లం ముక్క, ఒక ఆకుపచ్చ యాపిల్, డెక్ మీద నిలబడి దూరాన సముద్రం ఆకాశం కలిసే గీత మీద నిలిపిన చూపు, ఈ మూడూ పనిచేశాయి.

ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు. అవి గదికి సాయంత్రానికి చేరతాయి. కాబట్టి బీపీ, షుగరు మాత్రలు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచీలో ఉండాలి. మా పెట్టెల్లో మూడు వచ్చాయి, నాలుగోది రాలేదు. దాని బదులు ఒక చీటీ వచ్చింది, ఫలానా గదికి రండి అని. అక్కడ వాళ్ళు ముద్దుగా 'నాటీ రూమ్' అనే గది ఒకటుంటుంది, తప్పు చేసిన సామాన్ల కోసం. వెళ్తే బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, కెటిళ్ళు, కొవ్వొత్తులు, వాటి మధ్య పెళ్ళికూతురిలా మా ఎలక్ట్రిక్ కుక్కరు. నిప్పు పుట్టగల వస్తువేదీ గదిలోకి రానివ్వరు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు మరి. రసీదు రాసి, చివరి రోజు తీసుకోమన్నారు. "అత్తయ్యగారూ, నేను చెప్పాను కదండీ" అన్నాడు అల్లుడు. చెప్పాడు, నిజమే.

ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా ఒప్పుకోరు. కంపెనీ సీలు వేసిన పొట్లాలయితే ఫరవాలేదు. అందుకని సియాటిల్ ఇండియన్ స్టోర్‌లో కొన్న కందిపొడి, నిమ్మకాయ పచ్చడి పొట్లాలు ఎక్కాయి. రేవుల్లో దిగేటప్పుడు మాత్రం ఓడలోంచి పళ్ళూ తిండీ ఒడ్డుకి తీసుకెళ్ళకూడదు.

కుక్కరు పోయినా అన్నం దొరికింది. బుక్ చేసినప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించాలి. అది సగం పనే. మొదటి రాత్రే భోజనాల గదిలో పెద్ద వడ్డనాయన్ని కలిసి స్వయంగా చెప్పాలి. ఆయన రోజూ రాత్రి మర్నాటి మెనూ తెచ్చి చూపిస్తాడు, మనకేం కావాలో గుర్తు పెట్టుకుంటాడు. లోపల వంటవాళ్ళలో మనవాళ్ళుంటే పప్పు, కూర, రొట్టె వచ్చేస్తాయి. మూడో రోజు నేను కందిపొడి పొట్లం విప్పగానే పక్క బల్ల దగ్గర కూర్చున్న గుజరాతీ దంపతులు కుర్చీలు జరుపుకుని వచ్చారు. పొద్దున్నే బఫేలో తీపి లేని పెరుగు దొరుకుతుంది. తెల్లన్నం అడిగితే ఇస్తారు. అంతకంటే పెద్దగా ఆశించకండి. పప్పుచారు లేని ఏడు రోజులు మనిషిని చంపవు. ఆ బఫేలోకి వెళ్ళే ముందు మాత్రం సబ్బుతో చేతులు కడగండి. ఓడల్లో పాకే వాంతులూ విరేచనాల వైరస్‌కి, గుమ్మంలో పిండే జెల్ కంటే సబ్బూ నీళ్ళే మేలు.

ఓడ కదలకముందే భద్రతా కసరత్తు ఒకటుంటుంది. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినపడితే ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చూపిస్తారు. 1912లో టైటానిక్ మునిగాక పుట్టిన అంతర్జాతీయ నిబంధనల ఫలం ఇది. ఇప్పుడు సగం వీడియోలోనే చూపించేస్తున్నారు కానీ, మనం మన స్థానానికి నడిచి వెళ్ళి హాజరు వేయించుకోవాల్సిందే. నేను గది నుంచి అక్కడిదాకా మెట్లు లెక్కపెట్టుకున్నాను.

తర్వాత మొదలవుతుంది అమ్మకం. గది తాళమే కార్డు, కార్డే డబ్బు. కూల్‌డ్రింకు, ఇంటర్నెట్టు, మసాజు, బింగో, నగల దుకాణం, అన్నిటికీ 'టిక్' మని ఒక్క గీత. నోటు చేతులు మారదు కనక నొప్పి తెలియదు. నేను రోజూ రాత్రి పదింటికి ఖాతా చూసేదాన్ని. నాలుగో రోజు ఒకే జ్యూసు రెండుసార్లు రాసి ఉంది. కౌంటరులో చెప్పగానే కొట్టేశారు. చివరి రోజు అయితే ఆ వరసలో గంట నిలబడాలి. ఫొటోలు తీయించుకోవడానికి డబ్బులేం లేవు, కొంటేనే ఖర్చు. పట్టుచీర కట్టుకున్న రాత్రి ఆరు ఫొటోలు తీశారు. ఒక్కటే కొన్నాం, మా ఆయన కళ్ళు తెరిచి ఉన్నది అదొక్కటే. ఫోన్లు ఎక్కేటప్పుడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నడిసముద్రంలో ఓడ ఉపగ్రహం ద్వారా ఇచ్చే సిగ్నలు ఫోను తనంతట తనే పట్టుకుంటే బిల్లు ఇంటికొచ్చాక తెలుస్తుంది.

రేవుల గురించి టూరిస్టు పుస్తకంలా రాయను. జూనో అలాస్కా రాజధాని, కానీ ఆ ఊరికి బయట నుంచి రోడ్డు లేదు. పడవో, విమానమో దిక్కు. స్కాగ్వేలో 1898లో బంగారం కోసం ఎగబడ్డ కాలాన వేయడం మొదలెట్టిన బుల్లి రైలు ఇరవై మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. మా డబ్బు పూర్తిగా గిట్టింది ఆ ఒక్క టికెట్టుకే. కెచికన్‌లో గొడుగు ముఖ్యం. కాకినాడలో ఏడాదికి పడే వానకి మూడింతలు పడుతుంది ఆ ఊళ్ళో. ఓడ వాళ్ళ ద్వారా కొనే టూర్లు ఖరీదు, బయట సగం ధరకి దొరుకుతాయి. తేడా ఏమిటంటే, ఓడ వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు. దూరం వెళ్ళేవాటికి ఓడ వాళ్ళని, ఊళ్ళో నడిచేవాటికి మన కాళ్ళని నమ్ముకున్నాం. ఓడ బయల్దేరే టైముకి అరగంట ముందే తలుపు మూస్తారు. అలాస్కా గడియారం సియాటిల్ కంటే గంట వెనక. ఓడ ఏ టైము పాటిస్తుందో దిగే ముందు అడిగి, ఒక మామూలు చేతిగడియారాన్ని దానికి సరిచేసుకోండి.

అయిదో రోజు గ్లేసియర్ బే. అలాస్కా వెళ్ళే ఓడలన్నీ అక్కడికి వెళ్ళవు. రోజుకి రెండు పెద్ద ఓడలకే అనుమతి. మిగతావి వేరే హిమనదులకి వెళ్తాయి, అవీ బాగుంటాయంటారు. అందుకే బుక్ చేసేటప్పుడే ఏ హిమనది అన్నది చూడాలి.

ముందు రాత్రి డెక్ మీద రెయిలింగుకి రంగేస్తున్న ఒక కుర్రాడు మా మాటలు విని పని ఆపాడు. "ఏటమ్మా, తెలుగోళ్ళా? ఏ ఊరు?" అన్నాడు. సోంపేట దగ్గర వాళ్ళది. తొమ్మిది నెలల కాంట్రాక్టు, ఇంకా నాలుగున్నాయి. ఇంట్లో అయిదు నెలల పాప, తను ఎక్కాక పుట్టింది. మా ఆయన కాకినాడ అని చెప్పగానే, అక్కడ లంగరేసిన సరుకు ఓడలో రెండు వారాలు ఉన్నానని, రాత్రుళ్ళు ఊరి దీపాలు చూస్తూ కూర్చునేవాడినని చెప్పాడు. మేం ఒడ్డున కూర్చుని వాళ్ళ దీపాలు లెక్కపెట్టినట్టే. "రేపు పై డెక్‌కి పోకండమ్మా, అందరూ అక్కడే ఉంటారు. కింద ముందు భాగం రేపొక్క రోజు తెరుస్తారు. ఏడింటికల్లా వచ్చీయండి" అన్నాడు.

ఏడింటికి మేం ఆరుగురమో ఏడుగురమో. చిన్న పడవలో వచ్చిన పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో చెప్పడం మొదలెట్టారు. 1794లో జార్జ్ వాంకూవర్ బృందం ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు లేదు, ఉన్నదంతా మంచే. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి పరిశోధకుడు వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. మేం తేలుతున్న నీళ్ళన్నీ ఒకప్పుడు మంచు ఉన్న చోటే. మార్జరీ హిమనది ముందు ఇంజను సద్దు తగ్గించి గంటసేపు నిలబెట్టారు. ఓడ నెమ్మదిగా తన చుట్టూ తను తిరిగింది, బాల్కనీ ఏ పక్కన ఉన్నా అందరికీ కనపడేలా. బుక్ చేసే ముందు కుడి పక్క గదా ఎడమ పక్క గదా అని నెలరోజులు తల బద్దలు కొట్టుకున్నాను, అనవసరంగా. మంచుగోడలోంచి ఒక ముక్క విడిపోయి నీళ్ళలో పడింది. ముందు పడ్డం కనపడింది, తర్వాత ఉరుము వినపడింది. మనవడు వాళ్ళ తాతయ్య మంకీ క్యాప్ గట్టిగా పట్టుకున్నాడు.

ఏడు రోజుల్లో నాకు బాగా గుర్తున్నవి లెక్కేస్తే, కార్డు గీకి కొన్నవి అందులో ఒకటో రెండో.

అమెరికా దాకా ఎందుకు అనేవాళ్ళకి ఒక మాట. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కార్డీలియా అనే కంపెనీ క్రూయిజ్ ఓడ నడిచింది. 2023 సెప్టెంబరులో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. మన తీరంలో తిరిగే ప్రయాణం చిన్నది, రెండు మూడు రాత్రులు. కడుపులో తిప్పుతుందో లేదో, ఓడ జీవితం మనకి పడుతుందో లేదో తేల్చుకోవడానికి ముందు అలాంటిదొకటి చేసి చూడ్డం తెలివైన పని. ఏ నెలలో నడుస్తోందో కనుక్కుని బయల్దేరండి.

చివరి రాత్రి విక్టోరియాలో రెండు గంటలు నడిచి వచ్చాం. కెనడా ముద్ర కోసం మా ఆయన పాస్‌పోర్టు నాలుగుసార్లు తిరగేశారు, ఎవరూ వేయలేదు. పెద్ద పెట్టెలు రాత్రి పదకొండు లోపు గది బయట పెట్టాలి, మర్నాడు రేవులో తీసుకోవాలి. మర్నాటికి వేసుకునే బట్టలు మాత్రం బయట ఉంచుకోవాలి. ఈ వాక్యం గదిలో పెట్టిన కాగితంలో ఉంది. నేను చదివాను, ఆయన చదవలేదు. పొద్దున ఆరింటికి లేచి చూస్తే లుంగీ, బనీను, మంకీ క్యాప్ తప్ప మా ఆయనకి బట్టల్లేవు. పెట్టెలు అప్పటికే ఓడ అడుగున ఎక్కడో గుట్టలో ఉన్నాయి. రేవులో ఉన్నంతసేపూ ఓడలో దుకాణాలు మూసే ఉంచుతారు.

ఆరడుగుల అల్లుడి ట్రాక్ ప్యాంటు కింద మూడు మడతలు పెట్టుకుని, ఒక చేత్తో నడుం దగ్గర పట్టుకుని, ఇంకో చేత్తో నాటీ రూమ్‌లో విడిపించుకొచ్చిన కుక్కరు చంకనెత్తుకుని ఆయన అమెరికాలో దిగారు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, ఆయన్ని చూసి, కుక్కరుని చూసి, "రైస్?" అని అడిగాడు.